గోమారి

నీతిని బోధించువారికి గోమారి మిక్కిలి అక్కరకు వచ్చిన పురుగు. ఆవు పొదుగును కరచిపట్టుకొని యుండియు పాలు త్రాగక నెత్తురే త్రాగునని చెప్పి, పెద్దల చెంత మెలగుచుండియు వారి గుణములను గ్రహింపలేని మూర్ఖునకు దానిని పోల్చుదురు. ఉపమానము అందముగనే యున్నది. కాని గోమారి పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. పాలు త్రాగుటకు వలసిన నోరు దానికి లేదు. దాని మూతియందున్నది వెనుకకు వంగిన ముండ్లుగల యొక చిన్న శూలము. అది చర్మమును చీల్చుకొని లోనికి దిగును. చుట్టును జిగురువంటి పదార్థము గట్టిపడి దానిని బిగించును. పశువునకు నొప్పి తెలియకుండను, నెత్తురు గడ్డకట్టకుండను చేయు లాలాజలము అందుండి స్రవించును. ఇంతటి పనితనముగల ప్రాణిని మూర్ఖునకు పోల్చుట న్యాయము కాదేమో! దానిని నిందించుటయందు మనము చూపిన నేర్పును, దానిని తెలిసికొనుటయందును చూపియుండినచో మన పశువులకు కొంత మేలు జరిగియుండెడిది.

తెలుగున దీనికి పిడుదు అనియు, గోమారి అనియు రెండు పేర్లున్నవి. గోమారి యన్న మాట వినగానే గోవునకు మారి యని విడదీయ బుద్ధిపుట్టును. వ్యుత్పత్తి యెట్లున్నను అర్థమునకు లోటులేదు. పంచతంత్రమున మందవిసర్పిణి యను పేను రాజుగారి పాన్పునందు సుఖముగా కాపురముండి, అతిథిగా వచ్చిన నల్లి తొందరపాటువలన ప్రాణము గోల్పోయిన కథను విద్యార్థు లెరుగుదురు. పేనును, నల్లియు కీటకములు, ఆరు కాళ్ళవి. గోమారి కీటకము కాదు. అది సాలెపురుగునకును, తేలునకును చుట్టము, ఎనిమిది కాళ్ళది. అయితే గ్రుడ్డునుండి వెలువడినప్పుడు దానికిని ఆరు కాళ్ళే యుండును. తొలిసారి నెత్తురు త్రాగి కుబుసము విడిచిన పిదపగాని తక్కిన రెండు కాళ్ళును రావు. కావున గోమారికి కాళ్ళెన్ని యని పరీక్షలో నడుగదలచిన ఉపాధ్యాయుడు ఏ వయస్సు గోమారినిగూర్చి అడుగుచున్నాడో ముందుగా చెప్పవలసియుండును.

విజయనగరము జిల్లాలోని కొత్తవలస పేరు వినగానే రైలుప్రయాణికులకు తోచునది జంక్షను. హౌరా, చెన్నపట్టణముల నడుమనున్న పెద్ద దారినుండి కిరండూలు దారి అచ్చటనే చీలును. 1960 తరువాతి యేండ్లలో బైలదిల్ల ఇనుపఖనిజమును సముద్రతీరమునకు చేర్చుటకై వేసిన దారి అది. లక్కవరపుకోట, శృంగవరపుకోటల మీదుగా కొండలెక్కి అరకు దాటి పోవును. ఆ దారివెంట పరువెత్తు ఇంజనుల బలమును లెక్కగట్టుటకు సూత్రములున్నవి. దారి ప్రక్కనున్న పొలములో దుక్కికి దిగిన ఎద్దు బలమును లెక్కగట్టువాడు రైతొక్కడే. ట్రాక్టరులు వచ్చినమాట నిజమే. అయినను చిన్న మడులయందును, కొండవాలు మెట్టలయందును, తోటల నడుమను ఎద్దుకు ఇంకను పని తీరలేదు. చినుకు పడిన వారములో రెండు రోజులు ఎద్దు లేవకపోయినచో ఆ యేటి అదను తప్పిపోవును. గోమారి రైతునకు బద్ధశత్రువగుట ఇందువలననే. అది ఎద్దును చంపనక్కరలేదు, అదనున నిలబడనీయకున్న చాలును.

అలమండ సంతకుగాని, మానాపురము సంతకుగాని ఎద్దుల బేరమునకు పోయినవారిని గమనింపుడు. పళ్ళు చూచి వయస్సు చెప్పుదురు. నడిపించి కాలి బిగువు చూతురు. మూపురము తట్టుదురు. చెవి మడతలోనికిని, తోక మొదటిక్రిందికిని, గంగడోలు ముడుతలలోనికిని చేయిపెట్టి చూచువారు తక్కువ. సంతలో చేతులు మారిన పశువుతోపాటు గోమార్లును క్రొత్త పాకలోనికి గృహప్రవేశము చేయును. కొనివచ్చిన పశువును తక్కినవానితో కలుపక కొన్ని దినములు వేరుగ కట్టి, మందు పట్టించి, పిదప కలుపుట మంచి రైతుల ఆచారము.

పనిచేయు జంతువు ఎక్కడనున్నను ఈ తగులాటము తప్పదు. ఇంగ్లండునందు కుందేళ్ళను బొరియలనుండి వెడలగొట్టుటకు ఫెరెట్ అను జంతువును పెంచుదురు. చూపునకు అది మన ముంగిసను తలపించునుగాని వంశము వేరు. బొరియలలో దూరి పనిచేసి వచ్చిన ఫెరెట్ చెవులను, మెడను తడవి పిడుదులను ఏరుట అచ్చటి వేటగాని పనులలో నొకటి. మన ఎద్దుకు బొరియలు లేవు. పొలముగట్టున గడ్డియును, రాత్రి కట్టివేయు పాకయును ఉన్నవి.

ఆ ప్రాంతపు రైతొకరు కొంతకాలము క్రిందట నాతో మాటలాడుచు, "ఏటి మేస్టారూ, రోజూ పీకుతానే ఉన్నాను. రోజూ కొత్తవి ఎక్కుతానే ఉన్నాయి. ఎక్కణ్ణించి వస్తన్నాయో తెల్డం లేదు" అని వాపోయెను. "పీకినవాటిని ఏం చేస్తున్నారండీ?" అని యడిగితిని. "ఏటి సేత్తాను? గోడవారకి ఇసిరేత్తన్నాను" అని ఆయన చేయిచాచి చూపెను. పాక మట్టిగోడ అడుగున బీటలు వారియున్నది. ఆయన ప్రశ్నకు జవాబు ఆయన చేయి చూపిన చోటనే యున్నది.

పశువు ఒంటిమీద మనకు కనబడు గోమారి దాని బ్రదుకులో కొంతకాలపు రూపము మాత్రమే. పశువుల నంటు వానిలో రెండు జాతులు మనకు ముఖ్యములు. మొదటిది రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనబడునది. ఇది ఒకే పశువును నమ్ముకొనియుండును. ఆవగింజకన్న చిన్నదైన పిల్ల గడ్డిపరక కొనకు ప్రాకి ముందుకాళ్ళు చాచి కాచుకొనియుండును. అది ఎగురలేదు, దుముకలేదు. పశువు వచ్చి ఒరసికొనినప్పుడు పట్టుకొనును. పశువు విడుచు ఊపిరిని, ఒంటి వేడిని, వాసనను పసికట్టు సాధనము దాని ముందుకాళ్ళ చివరనే యున్నది. ఎక్కిన పశువుమీదనే రెండుసార్లు కుబుసము విడిచి, పెద్దదై, జతకట్టి, ఇంచుమించు మూడు వారములకు ఆడుది ఉబ్బి క్రిందికి రాలును. అప్పుడది అచ్చముగా ఆముదపు గింజవలె నుండును. లాటినుభాషలో రిసినస్ అనగా గోమారి. గింజల పోలికనుబట్టి ఆముదపు చెట్టునకును ఆ పేరే నిలిచినది. చూచిన కన్నులు ఏ దేశమువైనను పోలిక యొక్కటే!

రాలిన ఆడుది చెత్తక్రిందికో, బీటలోనికో, గడ్డిమొదటికో చేరి రెండువేలకు తక్కువకాకుండ గ్రుడ్లుపెట్టి చచ్చును. ఆ గ్రుడ్లు పొదిగి పిల్లలై మరల గడ్డిపరక లెక్కును. చల్లదనము, చెమ్మ యున్నచో అవి తిండిలేక నెలలకొలది బ్రదుకగలవు. ఒక్కొక్క ఆడుది త్రాగు నెత్తురు సుమారు అర మిల్లీలీటరు. ఒక్కొక్కప్పుడు అంతకు మించును. ఒంటినిండ పట్టిన ఎద్దుకు ఈ లెక్క వేసిచూచినచో, మేత తినియు అది యేల చిక్కిపోవుచున్నదో, నాలుగు చాళ్ళకే యేల నురగలు గ్రక్కుచున్నదో తెలియును.

రెండవ జాతి హయలోమా. దీని కాళ్ళకు లేత, ముదురు రంగుల పట్టెలుండును. ఇది ఒకే పశువును నమ్ముకొని యుండదు. చిన్నతనమున ఒక పశువుమీద త్రాగి రాలును. గోడబీటలోనో రాతిసందునో దాగి కుబుసము విడిచి, పెద్దదై వచ్చి మరియొక పశువును పట్టును. కుక్కల నంటు పిడుదు నడవడియు ఇట్టిదే. త్రాగిన ప్రతిసారియు క్రిందికి దిగి, గోడవెంట పైకి ప్రాకి, దూలము సందులందును తలుపు చట్రముల వెనుకను ఒదుగును. మొదటి జాతికి పొలము ఇల్లు, రెండవ జాతికి మన గోడయే ఇల్లు. పశువు రెంటికిని భోజనశాల. భోజనశాలను మాత్రము కడిగి ఇంటిని విడిచిపెట్టుటయే మనము తరతరములుగా చేయుచున్న పని.

ఏరిన గోమారిని గోళ్ళనడుమ నొక్కి చంపు అలవాటు ఊరూర నున్నది. పిల్లలకు ఆ చిటుకుమను చప్పుడు ఒక వినోదము. ఇది వెంటనే మానిపింపవలసిన అలవాటు. 1957లో నాటి మైసూరు రాష్ట్రములోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు కుప్పకూలి చచ్చుటయు, మనుష్యులకు తీవ్రజ్వరము వచ్చుటయు చూచి పరిశోధించినవారు, ఆ వ్యాధిని మోయునది అడవి పిడుదు అని తేల్చిరి. 2011లో గుజరాతునందు మనదేశమున మొదటిసారిగా నిర్ధారణయైన క్రిమియా కాంగో జ్వరమును మోయునది హయలోమా జాతియే. పిడుదు నెత్తురు గోటిసందున పుండులోనికి చేరినను ఆ జ్వరము సోకవచ్చును. కొత్తవలసలో అట్టి జ్వరము వచ్చినదని నేను చెప్పుటలేదు. గోటితో నలుపవలదు అనుటకు ఇంతకంటె కారణము వేరొకటి అక్కరలేదు.

గోమారి నెత్తురు త్రాగుటయే కాక రోగములను మోయునను సంగతి లోకమునకు తెలిసిన విధము వినదగినది. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో టెక్సాసునుండి ఉత్తరమునకు తోలుకొనిపోవు మందలు ఆరోగ్యముగానే కనబడుచుండెడివి. అవి నడచిన దారిలో మేసిన ఉత్తరదేశపు పశువులు మాత్రము ఎర్రని మూత్రము విడిచి చచ్చుచుండెడివి. దీనికంతకును గోమారియే కారణమని పశువుల కాపరులు చెప్పుచుండగా పండితులు నవ్విరి. థియోబాల్డు స్మిత్ అను శాస్త్రజ్ఞుడు నవ్వలేదు. కిల్‌బోర్ను అను సహచరునితో కూడి ఆయన మైదానములకు కంచెలువేసి పరీక్షించెను. ఒకచోట గోమార్లను చేతితో ఏరివేసిన దక్షిణపు పశువులతో ఉత్తరపు పశువులను కలిపిరి, రోగము రాలేదు. మరియొకచోట దక్షిణపు పశువులే లేకుండ గోమార్లను మాత్రము చల్లిరి, రోగము వచ్చెను. తల్లిగోమారినుండి గ్రుడ్లద్వారా పిల్లలకును రోగబీజములు సంక్రమించుననియు కనుగొని, 1893లో ఈ ఫలితములను ప్రకటించిరి. కాళ్ళున్న చిన్నప్రాణి యొకటి రోగమును ఒక జంతువునుండి వేరొక జంతువునకు చేర్చునని రుజువగుట వైద్యచరిత్రలో ఒక మలుపు. నాలుగేండ్లకు, 1897లో, మన సికిందరాబాదునందు రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా బీజమును చూచెను. రాస్ పేరు మన పిల్లలందరికిని తెలియును. స్మిత్ పేరు తెలిసినవారు అరుదు. పశువుల వైద్యమునకు పాఠ్యపుస్తకములలో చోటు తక్కువగుటయే దీనికి కారణమని నా తలంపు.

ఈ కథలో తెలుగుదేశమునకు గర్వింపదగిన ఘట్టమొకటి కలదు. గోమార్ల పీడవలన యూరపు పశువులు నిలువలేని ఉష్ణదేశములు మూపురముగల భారతీయ పశువులకై వెదకినప్పుడు, ఒంగోలుజాతి ఓడలెక్కి సముద్రములు దాటెను. బ్రెజిలు దేశమున దానిని నెల్లూరు పేరిట నెలోర్ అందురు. నేడు అచ్చటి మాంసపు పశువులలో అధికసంఖ్య ఆ రక్తమునదే. మన పశువు చర్మము గోమారికి సులభముగా లొంగదు. రోమము పొట్టిది. ఈగ వ్రాలినను గిలగిలలాడించు కండ చర్మముక్రింద నున్నది. నాలుకతో నాకుకొని పిల్లగోమార్లను రాల్చును. వీనినిమించి, కాటునకు ఎదురుతిరుగు గుణము దాని నెత్తురులోనే యున్నది. అట్లని గోమార్లు పట్టవని కాదు. పట్టినను వానిలో కడదాక బ్రదికి ఉబ్బునవి కొన్నియే.

పాలకొరకు జెర్సీ, హోల్‌స్టీన్ జాతులతో మన ఆవులను సంకరము చేసినప్పుడు పాలు పెరిగినవి, ఈ ఓర్పు తగ్గినది. విశాఖపట్టణమువంటి మహానగరమునకు చేరువనున్న కొత్తవలసవంటి చోట పాడి యనగా రొక్కము. కావున సంకరపుటావును వలదనుట తెలివిగలమాట కాదు. దానికి కాపుదల ఎక్కువ కావలెను, అంతే. హయలోమా మోయు థైలీరియా రోగము దేశవాళి ఎద్దును ఒకపాటిగా బాధించి విడువవచ్చును, సంకరపు దూడను నాలుగు దినములలో పడగొట్టును. తగ్గని జ్వరము, భుజము ముందరి గడ్డ వాచుట, కంటి లోపొర పాలిపోవుట దీని గురుతులు. మైక్రోప్లస్ మోయు బెబీసియాలో మూత్రము కాఫీరంగుకు తిరుగును. రెండును నెత్తురులోని ఎర్రకణములను చెరచు రోగములే యైనను రెంటికిని ఒకే మందు పనిచేయదు. నెత్తురుచుక్కను సూక్ష్మదర్శినిలో చూచి చెప్పవలసినదే. ఇందులకు పశువైద్యుని పిలుచుటలో ఒక దినము ఆలస్యమైనను ప్రమాదము. థైలీరియాకు హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ రక్షావ్యాక్-టి యను టీకాను తయారుచేసినది. దానిని ద్రవనత్రజనిలో అతిశీతలముగా కాపాడవలెను. మన జిల్లాలోనే గరివిడియందు పశువైద్య కళాశాల యుండుట మన అదృష్టము.

ఇక మందుల మాట. గమాక్సీను పొడి లేని యిల్లు ఒకప్పుడు అరుదు. ఎద్దుకు అదియే, కుక్కకు అదియే, బియ్యపు గాదెప్రక్కను అదియే. ఆడపిల్లల తలలో పేలకును అదియే! అది కొవ్వులో నిలిచిపోవు విషమని తెలిసి మనదేశమున 1997లో నిషేధించిరి. నేడు డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ వంటివి నీట కలిపి పట్టించుచున్నారు. వీనికిని గోమార్లు అలవాటుపడుచున్నవి. ఒక మూత పోయవలసినచోట పొదుపుకొరకు అరమూత పోసినచో బలహీనమైనవి చచ్చి మొండివి మిగులును. మరుసటి తరము మొండివాని సంతానమే. రెండు మూతలు పోసినచో పశువునకే విషము తగులును. సీసామీది కొలతకు మించిన జ్ఞానము మనకు వలదు. మందు పట్టించుటకు ముందు పశువునకు కడుపునిండ నీరు త్రాగింపవలెను. దప్పిగొన్న ఎద్దు తడిసిన తన ఒంటినే నాకును. మూతికి చిక్కము కట్టి, ఒళ్ళు ఆరువరకు విప్పరాదు. ఎండ ముదరకముందే పని ముగింపవలెను. చెవులలోపల, తోకక్రింద, తొడలసందున మందు తగులకపోయినచో వెన్నుమీద కుండెడు పోసినను వ్యర్థము. ఆ ఎద్దును వెంటనే చెరువులో దింపినచో నేరము మరియొకటి జరుగును: ఈ మందులలో పెక్కు చేపలను బహుస్వల్పమైన మోతాదుననే చంపును. ఐవర్‌మెక్టిన్ సూదిమందు గొప్పదే. దానిని కనుగొన్నవారికి 2015లో నోబెలు బహుమానము వచ్చినది. కాని పాలిచ్చు ఆవునకు ఆ సూది వేయించినచో పాలలోనికి మందు దిగును. పశువైద్యు నడుగకుండ ఆ పని చేయరాదు.

వేపనూనె, కానుగనూనె, సీతాఫలపు గింజలపొడి మొదలైనవానిని కొందరు వాడుదురు. నేను వానిని తీసివేయువాడను కాను. కొద్దిగా పట్టినచోట అవి కొంతవరకు పనిచేయును. సీతాఫలపు గింజ కంటబడినచో కన్ను పాడగును, అది మరువరాదు. పాకలో తిరుగు కోళ్ళు రాలిన గోమార్లను ఏరి తినును. గోడకు ఇసిరేయుటకంటె కోడికి వేయుట వేయిరెట్లు మేలు. అన్నిటికంటె మేలైనది సబ్బునీరో, కిరసనాయిలో పోసిన డబ్బాను చేతపట్టుకొని, ఏరిన ప్రతిదానిని అందులో వేయుట.

కుక్కల విషయమున రెండు మాటలు చాలును. మందకు కాపలాయుండు కుక్కకు పిడుదులు కుచ్చులుగా చెవులలో వ్రేలాడుచుండగా చూచి నవ్వి ఊరకుందుము. అవి మోయు ఎర్లికియా యను రోగము కుక్క నెత్తురును పలుచబరచి ముక్కువెంట కార్చును. 1935లోనే అల్జీరియాయందు దీనిని గుర్తించిరి. కుక్కకు పూయు పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎన్నడును పూయరాదు, పిల్లి చచ్చును. బిడ్డ ఒంటిమీద పిడుదు కనబడినచో బెదరి అగ్గిపుల్లతో కాల్చుట, కిరసనాయిలు పోయుట తగదు. సన్నని చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక నిలువుగా మెల్లగా లాగి, చోటును సబ్బుతో కడుగవలెను. పిదప జ్వరము వచ్చినచో పిడుదు కరచిన సంగతి వైద్యునితో మొదటనే చెప్పవలెను. పొదలలో తిరిగినవారికి వచ్చు స్క్రబ్ టైఫస్ పిడుదువలన వచ్చునది కాదు. అది కంటికి కనబడనంతటి వేరొక పురుగు పిల్లవలన వచ్చును. ఈ రెంటిని కలిపివేయుట వలదు.

గోడ సంగతి మిగిలినది. సంక్రాంతికి ఇల్లంతయు అలికి సున్నము వేయుదుము. పశువుల పాక వంతు వచ్చునప్పటికి సున్నము అడుగంటును. పాకగోడ బీటలను, నేలనుండి దూలమువరకు, మట్టి పేడ కలిపి పూడ్చి నున్నగా అలికినచో హయలోమాకు దాగుచోటు పోవును. ఎత్తైన చోటులను విడువరాదు. అవి పైకే ప్రాకును. సందులలో పాతబడిన గోనెసంచులను, కర్రపేళ్ళను తీసి పారవేయవలెను. గోడపగులులలో మంటపెట్టువారును కలరు. పైన తాటాకు కప్పు ఉన్నదను సంగతి మరచి ఆ పనికి పూనుకొనరాదు. పశువునకు మందు పట్టించిన దినమే పాకకును పని జరుగవలెను. మందు చెప్పినవారు నిర్ణయించిన గడువునకు రెండవసారియు పట్టింపవలెను. మొదటిసారి తప్పించుకొన్న పిల్లలు అప్పటికి ఒంటిమీదికి ఎక్కియుండును.

పల్లెబడులలోని ఉపాధ్యాయులు దీనిని కంటికి చూపవచ్చును. పశువునుండి తానై రాలిన ఉబ్బిన గోమారి నొకదానిని చిమటాతో పట్టి గాజుసీసాలో వేసి, మూతికి దట్టమైన గుడ్డ బిగించి కట్టి, నీడనుంచుడు. కొన్ని దినములకు అది గోధుమరంగు గ్రుడ్లను ముందునకు నెట్టుచు తాను కృశించి ముడుచుకొనిపోవుట కనబడును. తల్లికన్న గ్రుడ్లముద్దయే పెద్దదిగా తోచును. పిల్లలచేత వానిని లెక్కపెట్టింపబూనినచో ఆ గంట అంతయు చాలదు. చూచుట ముగియగానే, గ్రుడ్లు పొదుగకముందే, గుడ్డ విప్పకుండ పైనుండి సలసల కాగు నీరు పోయవలెను.